సర్ త్యాగరాయ కళాశాల స్టేషను – ఒక యింటిపేరు కథ

చెన్నపట్టణపు ఉత్తరభాగమున, పాత వాషర్మన్‌పేటలో, భూగర్భమున నొక మెట్రో స్టేషను గలదు. దాని పేరు సర్ త్యాగరాయ కళాశాల. 2021వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన వాషర్మన్‌పేట మొదలు విమ్కోనగరు వఱకు రమారమి తొమ్మిది కిలోమీటర్లు పొడిగింపబడిన నీలిమార్గముతోపాటు ఇది ప్రజల యుపయోగమునకు వచ్చినది. ఈ పొడిగింపులో ఇదియు, దీని తరువాతి తండయారుపేటయు మాత్రమే భూమిలోపల నున్నవి, తక్కినవి వంతెనమీదివి. ఈ ప్రాంతమువారికి రైలు క్రొత్త గాదు. దక్షిణదేశమున తొలి ప్రయాణికుల రైలు 1856లో నిచటి కనతిదూరమున నున్న రాయపురమునుండియే వాలాజా రోడ్డునకు బయలుదేఱినది.

స్టేషను కట్టడమును గూర్చి వ్రాయుట నా యుద్దేశము గాదు. దానిపై నున్న పేరును గూర్చియు, అందు లేని యొక చిన్న మాటను గూర్చియు వ్రాయదలచితిని. అందులకు కారణము మా తరగతిలో జరిగిన యొక సంగతి.

నేను భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడను. ఒకనాడు పిల్లలను, "మీరు దినదినము దిగు స్టేషనుకు పేరు పెట్టిన త్యాగరాయలెవరు?" అని యడిగితిని. ఒక బాలుడు వెంటనే లేచి, "తిరువయ్యారులో పాటలు పాడిన సామి కదా, సార్!" అనెను. వేఱొకడు, "టీ నగర్ కట్టినాయన" అనెను. తక్కినవా రూరకుండిరి. నవ్వు వచ్చినది గాని నవ్వుటకు నోరాడలేదు. ఏలయన, కాకర్ల త్యాగబ్రహ్మమునకును ఈ త్యాగరాయలకును భేదము నాకును కళాశాలలో చేరు పర్యంతము తెలియదు. ఇరువురును తెలుగు మాటాడు ఇండ్లలో పుట్టినవారే. ఒకరు కావేరీతీరమున నాదోపాసకులు; రెండవవారు చెన్నపురిలో వస్త్రవ్యాపారము చేసి నగరపాలనమును నడపిన గృహస్థు. టీ నగరు మాట చెప్పిన బాలుడు సత్యమునకు కొంత దగ్గరగా నుండెను. మాంబళమున పొడవాటి చెఱువును పూడ్చి 1920వ దశాబ్దమున వెలయించిన ఆ పేటకు త్యాగరాయనగర మని పేరిడినది వీరి స్మృత్యర్థమే. దాని నడుమనున్న తోటకు పానగల్లు రాజా వారి పేరు పెట్టిరి. వారును తెలుగువారే; పానగంటి రామరాయణింగారు.

పిట్టి త్యాగరాయ చెట్టిగారు 1852వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన, తెలుగు మాటాడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. మగ్గము దేవాంగుల కులవృత్తి. ఉత్తర చెన్నపురియో, కంపెనీ దినములనుండియు నూలుకును బట్టకును నెలవు. వాషర్మన్‌పేటకు తమిళమున వణ్ణారప్పేట్టై యని పేరు. వణ్ణా రనగా చాకలివారు. కంపెనీవారు సీమకు పంపు బట్టలను చలువచేయువా రచట కాపురముండుటచే ఆ పేరు వచ్చినది. త్యాగరాయలు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొందియు ఉద్యోగమున కేగక వర్తకమునే నమ్ముకొనిరి. 1882 మొదలు రమారమి నలుబదియేండ్లు నగర కార్పొరేషనులో సభ్యులుగ నుండి, ఆ కాలముననే సభ్యులచే నెన్నుకొనబడిన తొలి అధ్యక్షులైరి. 1916 నవంబరులో టి. ఎం. నాయరుగారితోను, సి. నటేశ మొదలియారుగారితోను గూడి జస్టిస్ పార్టీగా ప్రసిద్ధిగన్న సంస్థను నెలకొల్పిరి. 1920 ఎన్నికలలో ఆ పక్షము గెలువగా గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గ మేర్పఱుపుమని వీరినే పిలిచెను. వీరు వలదని చెప్పగా ఎ. సుబ్బరాయలు రెడ్డియారు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. 1925 ఏప్రిలు 28వ తేదీన, డెబ్బదిమూడేండ్లు నిండిన మఱునాడే, త్యాగరాయలు కాలధర్మము నొందిరి.

పదవి వలదన్న సంగతిని మన సభలలో పలుమాఱు చెప్పుకొందుము. నాకు మాత్ర మంతకంటె నొక యణా లెక్క గొప్పదిగా దోచును. అదే 1920వ సంవత్సరమున, వీరి యధ్యక్షతన, థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి కార్పొరేషను పాఠశాలలో చదువు బీదపిల్లలకు ఆహారము పెట్టవలయునని కార్పొరేషను తీర్మానించినది. ఒక్కొక్క పిల్లకు దినమునకు ఒక యణాకు మించరాదని వ్యయము నిర్ణయించిరి. ఆఁకలి గొన్న పిల్లవానికి అక్షరము తలకెక్కదని బడిపంతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వర్తకుడైన యధ్యక్షుడు దాని నణాలతో లెక్కవేసి కాగితముమీద పెట్టెను. కొన్నియేండ్లకే ఆ వ్యయమునకు ప్రభుత్వ మడ్డుచెప్పగా పథకము కుంటువడినది. 1956లో కామరాజు నాడారుగారును, 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారును భోజనపథకములను విస్తరింపజేసిరి. 2022లో తమిళనాడు ప్రభుత్వము ఉదయపు ఫలాహారమును గూడ నారంభించినది. ఆ తొలి పాఠశాల యున్న థౌజండ్ లైట్స్‌కును నేడు మెట్రో స్టేషను గలదు. అదియు ఈ నీలిమార్గముమీదనే. రైలెక్కినవాడు ఆ తీర్మానము అమలైన చోటినుండి దానిని చేసినవాని పేరుగల చోటికి, నడుమ సెంట్రలు మీదుగ, ఒక్క బండిలోనే రావచ్చును. సెంట్రలున దిగి పైకి వచ్చినచో రిప్పన్ భవనము. దాని ముంగిట త్యాగరాయలవారి విగ్రహము.

ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. తెలుగువారి మనుటచే వీరు మనకు మాత్రమే చెందినవారని యెంచరాదు. వారి పక్షమునకు మూడు పత్రిక లుండెడివి: ఇంగ్లీషున జస్టిస్, తమిళమున ద్రావిడన్, తెలుగున ఆంధ్రప్రకాశిక. స్థాపకులు ముగ్గురిలో నొకరు మలయాళి, ఒకరు తమిళులు. ఊరిపేర్ల విషయమునను మనకు తొందర యెక్కువ. ఇదే మార్గమున నాలుగు స్టేషనుల కవతల కాలడిపేట యున్నది. దాని పేరునకు తెలుగు మూలము కల్పింప యత్నించినవారిని నేనెఱుగుదును. తమిళులు దానిని కాలి యడుగుతో ముడిపెట్టుదురు. నిజమునకు అది 1717 మొదలు 1720 వఱకు చెన్నపురి గవర్నరుగా నుండిన జోసెఫ్ కాలెట్ నేతగాండ్రకై వెలయించిన పేట. కాలెట్ పేట కాలడిపేట యైనది. దొర పేరు నోళ్లలో నలిగి మనదిగ గనబడుచున్నది. మనవాని పేరో, సరిగానే నిలిచియు మనదిగ గనబడుటలేదు.

ఎందుచేత? స్టేషనుకు పేరు త్యాగరాయలవారినుండి నేరుగ రాలేదు. వారి పేరు 1950లో వెలసిన కళాశాలకు వచ్చినది. కళాశాల పేరు స్టేషనుకు వచ్చినది. ఈ రెండు మెట్లలో బ్రిటిషువా రిచ్చిన 'సర్' బిరుదు చెక్కుచెదరక నిలిచినది, పుట్టినప్పుడు పెట్టిన పేరు నిలిచినది. 'పిట్టి' మాత్రము జాఱిపోయినది. త్యాగరాయ యను పేరు తమిళులును పెట్టుకొందురు. చెట్టి యను మాట పెక్కు భాషలవారిలో గలదు. ఆయన యింట తెలుగు పలికెడివారని సాక్ష్యమిచ్చునది ఆ రెండక్షరములే. ఇంగ్లీషు కాగితములలో అది ఒక్క 'పి'గా కుదించుకొనిపోయెను. తమిళదేశపు మర్యాదలో పేరునకు ముందటి అక్షరము తండ్రి పేరునకు గుర్తు. కనుక ఆ 'పి' చూచిన నేటి చదువరి, తండ్రి పేరు పార్థసారథియో పెరుమాళ్లో యై యుండునని తలచును. ఎవరును దానిని చెఱపలేదు, దాచలేదు. చదువు పద్ధతి మాఱినది, అంతే.

ఈ మార్పు మహనీయుల పేర్లకే వచ్చిన దైనచో ఇంత వ్రాయ నవసరము లేకుండెను. మా పాఠశాల హాజరుపట్టికలోను ఇదియే స్థితి. తాతలకు ఇంటిపేరుండెను, తండ్రులు దానిని పొడి యక్షరము చేసిరి, పిల్లలు తండ్రి పేరు తొలియక్షరమును తగిలించుకొనిరి. 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగ నిర్బంధ మైనది. తమిళము నేర్చుటకు నేను చింతింపను. తరతరములుగ నన్నముపెట్టిన గడ్డ భాష అది, మా పిల్లలు దానిని చక్కగ వ్రాయుదురు. తెలుగు గంటలు తఱిగిపోవుటకే నా చింత. పెద్దబడులలో తెలుగు పోయిన యింటను, పెండ్లి మాటలాడునప్పుడు గోత్రముతోపాటు ఇంటిపే రడుగువారు నిన్నటిదాక నుండిరి. ఇప్పుడు అడుగువారును తగ్గిరి.

త్యాగరాయల కథ చెప్పిన దినమున, మీమీ యింటిపేర్లు వ్రాసి తెండని పిల్లలకు చెప్పితిని. సగమునకు పైగా వట్టిచేతులతో వచ్చిరి. "మాకు లేదంట సార్, నాన్న చెప్పినాడు" అనిరి. ఒక బాలిక మాత్రము మూడుదినముల తరువాత నొక చీటి తెచ్చెను. అవ్వను అడిగి వ్రాసుకొంటి ననెను. ఆ తెలుగు ఇంటిపేరు తమిళలిపిలో నుండెను. అందలి యొక యక్షరము 'గ'యో 'క'యో తెలియక, మఱల అవ్వను పలికించి వినుమని పంపితిని. మఱునాడు వచ్చి, 'గ'యే ననెను. హాజరుపట్టికలో ఆమె పేరునకు ముందు తెలుగున వ్రాసికొంటిని.