బొబ్బిలికోటయుఁ బులిజూదమును

పాణిని యష్టాధ్యాయి పంచమాధ్యాయమున "అయానయీన" మను శబ్దమును సాధించెను. అది పలకపై నాడెడి కాయకుఁ బేరు. అయము ప్రదక్షిణగతి, అనయము అప్రదక్షిణగతి. ఇట్లు నడచు కాయలున్న గళ్లలోనికిఁ బరుల కాయలు చొరరాని స్థితి "అయానయ" మని పతంజలి వివరించెను. వైయాకరణులు ప్రత్యయమును జూచి ముందునకు సాగుదురు గాని, పరులు చొరరాని చోటు అను నీ లక్షణము దుర్గమునకును జెల్లుట గమనింపరు. పలకమీఁది యాటను బోరుగా భావించుట యెంత ప్రాచీనమో యీ యొక్క పదమే తెలుపుచున్నది.

చతురంగము మఱింత స్పష్టమైన యుద్ధక్రీడ. 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితమున దీనిని శ్లేషమూలమున స్మరించినాఁడు. గజము, అశ్వము, రథము, పదాతి యను నాలుగంగములకుఁ దెలుఁగు చదరంగమున ఏనుఁగు, గుఱ్ఱము, శకటు, బంటు నిలిచియున్నవి. శకటు శకటశబ్దభవ మగుటచే రథమునకు గుఱుతు. అయినను చదరంగమును జరిత్రమునకు సరిపెట్టఁ బూనినచో నొక చిక్కు కలుగును. ఇరుపక్షములకును 16 కాయలే. నడక యొకటే, లక్ష్యము నొకటే. ఇట్టి సమయుద్ధము కవికల్పనమునఁ దఱచు, చరిత్రమున నరుదు. 1757 జనవరి 24వ తేదీని బొబ్బిలికడ జరిగిన పోరు దీనికిఁ గేవలము విరుద్ధము.

పెదవిజయరామరాజునకును రంగారావునకును గల వైరమును, ఫ్రెంచిసేనాని బుస్సీ విజయనగరపక్షమున వచ్చుటయుఁ బాఠకు లెఱిఁగినవే. రాబర్టు ఆర్ము తన చరిత్రమున, ముట్టడించినవారిలో ఐరోపీయులు 750, అందు రౌతులు 250, ఫిరంగులు 4, సిపాయీలును బంట్లును గలిసి 11,000 అని లెక్క యిచ్చెను. లోపలివారు కొలఁదిమంది. ప్రొద్దు పొడువఁగనే ఫిరంగులు బురుజులపైఁ బ్రేలెను. గండ్లు పడెను గాని, చొరఁబడఁబోయినవారు మరల మరల వెనుకకుఁ ద్రోయఁబడిరి. ఆశ యడుగంటినపిదప లోపలివారు తమ స్త్రీలను బిల్లలను దామే చంపి, యిండ్లకు నిప్పంటించి, తిరిగి బురుజుల కెక్కిరి. రంగారావు తుపాకిగుండు తగిలి కూలెను.

ఈ వృత్తాంతమును బలకపై నిలుపవలెనన్నఁ జదరంగముకంటెఁ బులిజూదము మిక్కిలి తగును. ఇది దేవాలయపు మండపములందును, సత్రపు టరుఁగులమీఁదను రాతిపైఁ జెక్కఁబడి నేఁటికిని గానవచ్చు నాట. పండితులు దీనిని శాస్త్రచర్చకుఁ దగినదిగా నెంచకుండుట విచారకరము. పులులు 3, మేఁకలు 15, కూడలులు 23. మేఁకలు ఒక్కొక్కటిగాఁ బలక కెక్కును. పులి తన ప్రక్కనున్న మేఁకను దాఁటి, దాని యవతలి కూడలి ఖాళీగా నున్నచోఁ జేరి, దానిఁ జంపును. మేఁక చంపలేదు, చుట్టుముట్టి పులికిఁ గదలిక లేకుండఁ జేయుటయే దాని గెలుపు. ఎన్ని మేఁకలు చచ్చినఁ బులికి జయమో యూరి కొక తీరు. సంఖ్య వేఱు, నడక వేఱు, గెలుపు వేఱు. బహుసంఖ్యాకులు కొలఁదివారిని జుట్టుకొనుట, ఆ కొలఁదివా రొక్కొక్కరు పలువురను గూల్చుట ఇందు యథాతథముగాఁ గానవచ్చును. తాండ్ర పాపారాయనికి "బొబ్బిలిపులి" యన్న బిరుదము జనుల నోట నిలుచుటయు నీ సామ్యమును స్ఫురింపఁజేయును.

అయినను సామ్య మంతయుఁ గుదురదు. కట్టువడిన పులి కూర్చుండును, ఆట ముగియును. బొబ్బిలిలోఁ గట్టువడినవారు చేసిన పనికి నే యాటలోను నియమము లేదు. ఒక ముదుసలి బాలుని వెంటఁబెట్టుకొని నెత్తుటిలోనుండి నడచివచ్చి ఫ్రెంచి యధికారియగు లాకు రంగారావు కొడుకని యప్పగించెనని ఆర్ము వ్రాసెను. ఆ బాలుఁడు పులియుఁ గాఁడు, మేఁకయుఁ గాఁడు. పలక గీయువాఁడు వానిని విడిచినచో బొబ్బిలివంశము మిగిలిన తెఱఁగు తెలియదు.

జర్మనీదేశమున 1780లో హెల్విగ్గు చదరంగమును 1,666 గళ్లకుఁ బెంచి, భూభేదమును బట్టి గళ్లకు రంగులు వేసెను. 1824లో రైస్విట్జు గళ్లనే త్రోసివేసి, నిజమైన పటముమీఁదఁ బాచికలతోను మధ్యస్థునితోను సైన్యాధికారుల కీ క్రీడను నేర్పెను. అమెరికాలో రాబర్ట్సు 1958లో గెటిస్బర్గు యుద్ధమునే యాటగాఁ గూర్చి యమ్మెను. వీరందఱకు నెదురైన ప్రశ్న యొక్కటే: ఆట యెక్కడ ముగియవలెను?

బొబ్బిలివిషయమున నీ ప్రశ్న మిక్కిలి కఠినము. కోట పడిన సాయంకాలమున ముగించినచో విజయము విజయరామరాజుది. మూఁడవరాత్రి ముగించినచోఁ గాదు. ఆ రాత్రియే యాతఁడు తన డేరాలోఁ జంపఁబడెను. అతని పిమ్మట వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచి యాంగ్లేయులను బిలిచెను. 1758 డిసెంబరున చందుర్తికడ ఫోర్డు ఫ్రెంచివారి నోడించెను. ఉత్తరసర్కారుల గతి యా డేరాలోఁ గొంత నిర్ణీతమయ్యెననుట యతిశయోక్తి కాదు. కాఁబట్టి యీ యాటకు మూఁడు రాత్రులు పరిమితి యుండవలెను.

ఆ చంపినవా రెవ్వరు? పాపారాయఁడు రాజాములో నుండి వార్త యాలసించి యందఁగా వచ్చెనని దేశమందలి ప్రతీతి. కోటలోఁ దప్పించుకొన్న నలుగురిలో నిద్దఱని ఆర్ము వ్రాఁత. మొదటిది గ్రహించినచోఁ బలకకు వెలుపల నొక పులిని నిలిపి యుంచవలెను. రెండవది గ్రహించినచోఁ బడిన కోటలోనే దానిని దాఁచవలెను. రెంటిని గలిపి చేసిన పలక చరిత్రమునకును జెందదు, ప్రతీతికిని జెందదు. సేనల లెక్కకు ఆర్మును బ్రమాణముగాఁ గొనువారు డేరాకథకును వానినే కొనుట న్యాయము. ప్రతీతి ననుసరించువారు రాజామును గూడఁ బలకలోఁ జేర్పవలెను.

ఆర్ము చెప్పిన విషయ మొండు పలకకు నెంతయుఁ గష్టమైనది. ఆ నలుగురును జీఁకటిలో గోడ దిగి విజయరామరాజు దండునడుమనే నడచి యడవిఁ జేరిరి. మాట యొక్కటే యగుటచే నెవ్వరును సందేహింపరైరి. రెండురంగుల కాయలతో నాడు నాటలో నీ నడకకుఁ దావు లేదు. ఆ కాయలకు మాత్రము రంగు వేయక విడువవలెను.