పో నది వెంట, మైకు పట్టుకుని

ఇటలీలోని పవీయాలో మా అమ్మాయి ఇంటి కిటికీ తెరిస్తే జనవరిలో పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. పొద్దున పది దాటినా ఎదురింటి గోడ తేలదు. అట్లాంటి ఒక రోజు బయటికి కదల్లేక కూర్చున్నాం. అమ్మాయి లాప్‌టాప్‌లో పాత నలుపు తెలుపు కార్యక్రమం ఒకటి పెట్టి, "అమ్మా, నువ్వు ఊరూరూ తిరిగి ఏం వండారు, ఏం తిన్నారు అని అడిగేదానివి గదా! ఈయనా అదే పని చేశాడు చూడు" అంది. తెర మీద మీసాలాయన ఒకడు మైకు పట్టుకుని జనం మధ్య నిలబడి ఉన్నాడు. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేశాను. ఎదుటి మనిషి తిండి గురించి అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. పేదింటి మనిషి తిన్నది చెప్పడానికి సిగ్గుపడుతుంది, ఉన్నింటి మనిషి తిననిది కూడా చెబుతుంది. ఆయన ఆ ప్రశ్న వేసే తీరు చూసి, మిగతా భాగాలన్నీ చూడాలని అప్పుడే అనుకున్నాను. మొత్తం పన్నెండు. రోజుకొకటి చొప్పున చూశాం, అమ్మాయి మాట మాటా తెలుగులో చెబుతుంటే.

ఆయన పేరు మారియో సోల్దాతి. 1906లో తోరీనో నగరంలో పుట్టాడు. నవలలు రాశాడు, సినిమాలు తీశాడు. 1954లో ఇటలీలో పెద్ద సాహిత్య బహుమతి అయిన స్త్రేగా ఆయన నవలకు వచ్చింది. ఆ ఏడు జనవరిలోనే ఇటలీ ప్రభుత్వ సంస్థ రాయ్ టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. చాలా ఇళ్లలో ఇంకా టీవీ లేదు, జనం కాఫీ బార్లలో గుమిగూడి చూసేవాళ్లు. అట్లాంటి రోజుల్లో, 1957 డిసెంబరులో, సోల్దాతి కార్యక్రమం మొదలైంది. పో నది లోయ పొడవునా తిరుగుతూ కల్తీలేని తిండి కోసం వెతకడం అనేది దాని పేరులోనే ఉంది. పో నది ఆల్ప్స్ పర్వతాల్లో మోన్వీజో కొండ దగ్గర పుట్టి, 652 కిలోమీటర్లు తూర్పుకు పారి, ఆద్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. నది ఎటు పారితే ఆయన అటు.

ఆ సంవత్సరమే ఎందుకో ఆలోచించాను. 1957 నవంబరు 27న మిలానోలో మొట్టమొదటి సూపర్‌మార్కెట్ తెరిచారు, అమెరికా రాక్‌ఫెల్లర్ కుటుంబం పెట్టుబడితో. కొన్నాళ్లకే టీవీలో సోల్దాతి కనిపించాడు. ఆ ఫిబ్రవరిలోనే టీవీలో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి, అంతకు ముందటి ఏడు మిలానో నుంచి నాపోలికి పెద్ద రహదారి పని మొదలైంది. పల్లెల్లోని పడుచువాళ్లు కార్ల ఫ్యాక్టరీలకు తరలిపోతున్నారు. కల్తీలేని తిండి కోసం మనిషి వెతకడానికి బయలుదేరాడంటే అది చేజారుతోందన్న భయం అప్పటికే పుట్టిందన్నమాట.

ఇటలీ తిండి అనగానే మనకు పిజ్జా, పాస్తా, టమాటా గుర్తొస్తాయి. పో లోయ జనానికి తరతరాలుగా రోజూ పొయ్యి మీద ఉడికింది అవేవీ కావు. పొలెంతా. అంటే మక్క గటక. మా పాలమూరులో జొన్న రవ్వతో, మక్క రవ్వతో ఎట్లా గటక చేస్తామో అచ్చం అట్లాగే: మరిగే నీళ్లలో పిండి పోస్తూ, ఉండ కట్టకుండా కర్రతో కెలుకుతూ, ముప్పావుగంట చేయి ఆపకుండా. వాళ్లది రాగి గిన్నె. గట్టిపడ్డాక చెక్క పీట మీద బోర్లించి, దారంతో ముక్కలు కోస్తారు. తెర మీద ఆ రకం వంటలు చూస్తుంటే మా అమ్మ పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉండేది.

మక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. ఉత్తర ఇటలీ భూస్వాములకు అది వరం, ఎకరానికి గోధుమ కంటే ఎక్కువ గింజ ఇస్తుంది. గోధుమ అమ్మకానికి, మక్క కూలివాళ్ల కడుపుకు. పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి పేదలకు మూడు పూటలా అదొక్కటే తిండి అయింది. అప్పుడొక జబ్బు కనిపించింది. ఎండ తగిలిన చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగులుతుంది, కడుపు చెడుతుంది, చివరికి మతి తప్పుతుంది. 1771లో మిలానో వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రాపొల్లి ఆ జబ్బుకు జనం వాడుకలోని మాటనే పేరుగా రాశాడు: పెల్లాగ్రా, గరుకు చర్మం అని. 1881లో ప్రభుత్వం లెక్క తీస్తే లక్ష మందికి పైగా తేలారు. వెనీస్ దగ్గర సాన్ సెర్వొలో దీవిలోని పిచ్చాసుపత్రికి చేరినవాళ్లలో ఎంతోమంది ఈ జబ్బు మనుషులే.

కారణం తెలియడానికి 1937 దాకా పట్టింది, అమెరికాలో ఎల్వెహ్యెమ్ అనే శాస్త్రవేత్త నియాసిన్ లోపమని తేల్చాడు. మెక్సికో ఆదివాసులు వేల ఏళ్లుగా మక్కలు తింటున్నా వాళ్లకు ఈ జబ్బు రాలేదు. వాళ్లు గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, పొట్టు తీసి, నూరుకుని తింటారు. ఆ సున్నం గింజలో బిగిసి ఉన్న నియాసిన్‌ను వదులు చేస్తుంది. ఐరోపావాళ్లు గింజను ఓడల్లో తెచ్చుకున్నారు, దాన్ని వండే ఆడవాళ్ల తెలివిని అక్కడే వదిలేశారు.

ఈ జబ్బు నాకు పుస్తకాల్లో చదివింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తండాలో పిల్లలను తూకం వేస్తుంటే, మెడ చుట్టూ నల్లటి పట్టీ వేసినట్టున్న తల్లి ఒకామె కనిపించింది. ఎండకు కమిలిందనుకున్నాను. మా ట్రైనింగులో చెప్పింది రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. మన దక్కను పీఠభూమిలో జొన్న ఒక్కటే తినేవాళ్లకు పెల్లాగ్రా వస్తోందని 1960లో హైదరాబాద్ నుంచి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రపంచానికి చెప్పారు. మక్క తినని చోట ఈ జబ్బేమిటన్న ప్రశ్నకు, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం మీద వాళ్లు అనుమానం పెట్టారు. వాళ్లు పనిచేసిన సంస్థే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. పో ఒడ్డున ఒకప్పుడు వచ్చిన జబ్బును మన హైదరాబాద్ తార్నాకలో పరిశోధించారు. కాబట్టి పొలెంతా నాకు పరాయి వంట కాదు.

మా అమ్మాయివాళ్ల కింది అంతస్తులో పెద్దావిడ ఒకరుంటారు, ఎనభై ఏడేళ్లు. పో డెల్టాలోని పొలేజినె ప్రాంతం ఆవిడది. 1951 నవంబరులో పో కట్టలు తెగి ఆ ప్రాంతమంతా మునిగింది. సుమారు వంద మంది పోయారు, లక్షా ఎనభై వేల మంది ఇళ్లు వదిలారు. ఆవిడ పదమూడేళ్ల పిల్లగా తల్లితో ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మేం సోల్దాతి కార్యక్రమం చూస్తున్నామని తెలిసి ఒక ఆదివారం పిలిచి పొలెంతా వండిపెట్టింది. చిన్నప్పుడు కప్పు నుంచి ఒక ఎండు చేప దారంతో వేలాడదీసేవారట. గటక ముక్కను దానికి రాసుకుని తినడమే, చేపను మాత్రం కొరకకూడదు. ఈ కథ ఉత్తర ఇటలీలో చాలామంది పెద్దవాళ్లు చెబుతారు. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. మాకు జున్ను వేసి, పుట్టగొడుగుల కూరతో వడ్డించింది. తాను మాత్రం రొట్టె తుంచుకుంది. "మీరు తినరా సిన్యోరా?" అని అమ్మాయి అడిగితే, "పదమూడేళ్లు తిన్నాను, చాలు" అంది.

పవీయాకు పడమర రైలెక్కితే వెర్చెల్లి దాకా వరి పొలాలే. వేసవి మొదట్లో మడుల నిండా నీళ్లు, ఆ నీళ్లలో ఆల్ప్స్ మంచుకొండల నీడ. 1475లో మిలానో పాలకుడు గాలెయాత్సో మరీయా స్ఫోర్త్సా పొరుగున ఉన్న ఫెర్రారా దొరకు విత్తన వడ్లు పంపిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. వరి అసలు విస్తరించింది కాలువలతో. 1863లో మొదలుపెట్టి 1866కల్లా ముగించిన కవూర్ కాలువ పో నీళ్లను ఎనభై కిలోమీటర్లకు పైగా మోసుకొస్తుంది. కాలువ తవ్వించినవాళ్ల పేర్లు ఊళ్లలో ఉన్నాయి. మడిలో వంగినవాళ్లను మొందీనె అన్నారు, కలుపు తీసేవాళ్లు అని అర్థం. వేలమంది ఆడవాళ్లు ఎమీలియా, వెనెతో ప్రాంతాల నుంచి రైళ్లలో వచ్చేవారు. సుమారు నలభై రోజులు మోకాలి లోతు నీళ్లలో నాట్లు, కలుపు. దోమలు, జలగలు. కొట్టాల్లో గడ్డి మీద పడక. కూలి డబ్బుతో పాటు రోజుకొక కిలో బియ్యం. గింజ కూలి అంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పాలా! వెర్చెల్లిలో ఈ కూలివాళ్లు పోరాడి 1906లో ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. 1949లో 'రీజో అమారో', అంటే చేదు బియ్యం, అనే సినిమా వీళ్ల పేరును ప్రపంచానికి చేరవేసింది. సోల్దాతి ఈ దారిన వెళ్లేనాటికి వాళ్లు ఇంకా పొలాల్లో ఉన్నారు. తర్వాత పదేళ్లలో కలుపు మందులు వచ్చి ఆ పని పోయింది. రిజొత్తో వండే బియ్యానికి ఆర్బోరియో అని పేరు గదా, అది వెర్చెల్లి జిల్లాలోని ఊరు. ఊరి పేరు ప్యాకెట్ మీదికి వచ్చింది, ఆడవాళ్ల పేర్లు రాలేదు.

నది వెంట ఇంకా కిందికి వస్తే పార్మిజ్యానో జున్ను చేసే ప్రాంతం. ఆ జున్ను గురించి ఎంతో రాయవచ్చు. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు, కనీసం పన్నెండు నెలల మాగుడు. చిన్న సుత్తితో కొట్టి, చప్పుడు విని లోపల పగులు ఉందో లేదో చెప్పే మనిషి ఒకడుంటాడు, సంతలో కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి చూసినట్టు. ఆ ప్రాంతంలో ఒక బ్యాంకు 1953 నుంచి ఈ జున్ను చక్రాలను తాకట్టు పెట్టుకుని అప్పులిస్తోంది. ఇవాళ ఆ లోయలోని పశువుల కొట్టాల్లో పాలు పితికేవాళ్లలో చాలామంది పంజాబీలు. రెజ్జో ఎమీలియా జిల్లా నోవెల్లారాలో వాళ్ల గురుద్వారా 2000లో తెరిచారు.

నది చివర కొమాక్యో. ఉప్పుటేరుల మధ్య ఊరు. శరత్కాలపు చీకటి రాత్రుల్లో, గాలివాన వేళ, బాగా ఎదిగిన మలుగు చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం దారి పడతాయి. దారిలో రెల్లు తడకలతో బాణం మొనలా వల పన్నేవారు, దాని పేరు లవొర్యేరో. పట్టిన చేపను ముక్కలు కోసి, ఇనుప చువ్వలకు గుచ్చి, మనిషి ఎత్తు పొయ్యిల ముందు కాల్చి, వెనిగర్ పోసి పీపాల్లో పెట్టేవారు. ఉప్పుటేరు అంతా సర్కారుదో కంపెనీదో, చేప మాత్రం ఆకలిగొన్నవాడి కళ్ల ముందు. రాత్రిపూట ఈటె పట్టుకుని దొంగతనంగా వేటాడేవాళ్లకూ కాపలావాళ్లకూ తరతరాల పోరు. సోల్దాతికి ఈ చోటు కొత్త కాదు. నటి సోఫియా లారెన్‌ను ఇక్కడి మలుగు చేపల కార్ఖానా కూలిగా పెట్టి 1954లో 'లా దొన్నా దెల్ ఫ్యూమె' అనే సినిమా తీసింది ఆయనే. ఆ కార్ఖానా పొయ్యిలను ఇప్పుడు మ్యూజియంగా చూడవచ్చు. మేం వెళ్లిన రోజు పొయ్యి వెలిగించలేదు. ఇటుకల మీది మసి మాత్రం అట్లాగే ఉంది.

ఆ తర్వాత ఇటలీ తిండి మీద ఎన్నో ధారావాహికలు వచ్చాయి. 2021లో సిఎన్‌ఎన్‌లో వచ్చిన నటుడు స్టాన్లీ టూచీ కార్యక్రమం మా అమ్మాయికి ఇష్టం, నేనూ చూశాను. కలాబ్రియా నుంచి అమెరికాకు వలసపోయిన ఇంటి మనవడు, నోటి కాన్సర్‌ను దాటి వచ్చినవాడు, ప్రతి ముద్దనూ కృతజ్ఞతతో తింటాడు. అది నాకు నచ్చింది. కానీ ఆయన ఎక్కువగా కూర్చునేది పేరున్న వంటవాళ్ల బల్ల దగ్గర. సోల్దాతి చేపలు పట్టేవాడి దగ్గరికి, పాలు విరగ్గొట్టేవాడి దగ్గరికి వెళ్లి మైకు వాళ్ల నోటి ముందు పెట్టాడు. రంగులు లేకపోయినా, రుచి కనబడకపోయినా, రెండింటిలో పెద్ద పని ఆయనదే అని నా అభిప్రాయం.

2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటలీ వంటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చారు. మన దీపావళిని చేర్చిందీ ఆ సమావేశంలోనే. ఆ వార్త విని కింది అంతస్తు పెద్దావిడ చాలా సంతోషించిందని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది.

మన గోదావరి పో కంటే రెండింతలకు పైగా పొడవు, 1,465 కిలోమీటర్లు. బాసర దగ్గర జొన్న రొట్టె, అంతర్వేది దగ్గర ఉప్పు చేప. దూరదర్శన్ వాళ్లయినా, యూట్యూబులో ఓపికగా పనిచేస్తున్న మన పిల్లలయినా, ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఆ నది వెంట నడవండి. హోటళ్ల ముందు ఆగకండి. గింజ కూలికి నాట్లు వేసిన అవ్వలు, అంబలి తాగి పెరిగిన తాతలు ఇంకా కొందరున్నారు. ఏం వండారని కాదు, ఎంత దొరికిందో, ఎవరు చివర తిన్నారో అడగండి. వాళ్లు చెబుతారు. త్వరగా వెళ్లండి.