మైకు ముందు మహిళలు



మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియోలో స్త్రీల కార్యక్రమం వినడం మన ఇళ్లలో ఎన్నో ఏళ్లు సాగిన అలవాటు. ఊరగాయల దగ్గర్నుంచి పసిపిల్లల జబ్బుల దాకా ఎన్ని సంగతులు చెప్పేవారో! కాని ఆ చెప్పే ఆవిడ ఎవరు, ఉద్యోగంలో ఆవిడకు కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటుంది అని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

రేడియో మాటకు ఒక చిక్కుంది. అచ్చయిన పుస్తకం బీరువాలో ఉంటుంది. రేడియోలో పలికిన మాటను ఎవరూ దాచకపోతే అది గాలిలో కలిసిపోతుంది. పలికిన మనిషి పేరూ మిగలదు. దాచుకోవడం విలువ బాగా తెలిసిన ఒక డచ్చి మహిళ కథ చెబుతాను.

ఆమె డాక్టర్ పోస్టుమస్ వాన్ డెర్ గోట్, ఆర్థికశాస్త్రం చదివిన విదుషి. 1935లో రోజా మానుస్, యోహానా నాబెర్ అనే ఇద్దరితో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక భాండాగారం నెలకొల్పారు. స్త్రీల ఉద్యమానికి చెందిన ఉత్తరాలు, కరపత్రాలు, పుస్తకాలు అన్నీ అక్కడ భద్రపరిచారు. అయిదేళ్లు నిండకుండానే, 1940లో నాజీలు హాలెండును ఆక్రమించారు. జూలైలో వచ్చి ఆ గదులను ఊడ్చినట్టు ఖాళీ చేసి, కాగితాలన్నీ జర్మనీకి తరలించుకుపోయారు. యూదు మహిళ అయిన రోజా మానుస్‌ను 1941లో నిర్బంధించారు. ఆమె మరి తిరిగి రాలేదు.

స్నేహితురాలూ పోయింది, కూడబెట్టిన కాగితాలూ పోయాయి. అయినా ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. యుద్ధం ముగిశాక భాండాగారం మళ్లీ తెరిచారు. 1951లో పలు దేశాల రేడియో మహిళలను కూడగట్టి సంఘం పెట్టారు. తరువాత టెలివిజన్‌లో పనిచేసేవారినీ కలుపుకుని అదే అంతర్జాతీయ రేడియో, టెలివిజన్ మహిళల సంఘం అయింది.

చిత్రమేమిటంటే, అదే 1951లో అమెరికాలోనూ ఇలాంటి సంఘం పుట్టింది. అక్కడి ప్రసార సంస్థల సంఘంలో మహిళలకు ఒక శాఖ ఉండేది. అది కాస్తా ఎత్తేశారు. మరొకరి వాకిట్లో నీడ పోతే ఏం, మన ఇల్లు మనమే కట్టుకుందామనుకున్నారు ఆ ఆడవాళ్లు. న్యూయార్కులో సమావేశమై సొంత సంఘం స్థాపించుకున్నారు. రేడియో ఉద్యోగిని ఈడిత్ మెసెరాండ్ తొలి అధ్యక్షురాలు. 1975 నుంచి హాస్యనటి గ్రేసీ ఆలెన్ పేరిట బహుమతులివ్వడం మొదలుపెట్టారు.

సంఘాల వల్ల ఒరిగిందేమిటి అంటారా? తోటివారి అనుభవం తెలుస్తుంది, పని నేర్చుకునే వీలు కలుగుతుంది. అంతర్జాతీయ సంఘం 2017లో మహిళా విలేఖరులు ప్రమాదాల్లో తమను తాము కాపాడుకునే పద్ధతులు చెప్పే పుస్తకం తెచ్చింది. దాని భారత శాఖ 2005లో ఢిల్లీలో ఆసియా మహిళల చిత్రోత్సవం ప్రారంభించింది.

ఇవన్నీ చదువుకున్న పట్నంవాళ్ల సంగతులే అనుకోకండి. జహీరాబాదు దగ్గర మాచునూరులో, 1998లో యునెస్కో సాయంతో చిన్న రేడియో కేంద్రం కట్టారు. కాని ప్రసారానికి అనుమతి లేదు! ఆ చుట్టుపక్కల సంఘాల్లోని దళిత స్త్రీలు నిరుత్సాహపడలేదు. జొన్నలు, సామల సేద్యం, విత్తనాలు, నాటువైద్యం, పాటలు, అన్నీ టేపుల కెక్కించి సంఘం కూటాల్లో వినిపించుకున్నారు. అలా ఒకటి కాదు, రెండు కాదు, పదేళ్లు! 2006లో కేంద్రప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు వీలు కల్పించాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది.

మరి నాజీలు ఎత్తుకుపోయిన ఆ కాగితాల మాటేమిటి? 1992లో అవి మాస్కోలో ఒక రహస్య భాండాగారంలో బయటపడ్డాయి. 2003లో ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. వాటిని కూడబెట్టిన ఆవిడ 1989లోనే కన్నుమూశారు. చూసుకునే అదృష్టం ఆవిడకు లేకపోయింది. కాని మనకు దక్కాయి.

అందుకే ఒక్క మాట. మీ అమ్మగారో, అత్తగారో, పిన్నిగారో ఎప్పుడైనా రేడియోలో మాట్లాడి ఉంటే, ఆ రాతప్రతిని అటకమీద చిత్తుకాగితాల్లో కలిసిపోనివ్వకండి. పేరు, తేదీ రాసి పెట్టెలో దాచండి. ఆవిడ గొంతు గాలిలో కలిసిపోయినా, మాట మనవరాళ్లకు మిగులుతుంది.