శుక్రుడు దిద్దిన లెక్కలు

శుక్రగ్రహం మీదికి సోవియట్ యూనియన్ పంపిన వెనెరా నౌకల చరిత్రను ప్రయోగాల తేదీల వరుసలో చెప్పడం పరిపాటి. అయితే ప్రధాన నౌక నుంచి విడివడి గ్రహ వాతావరణంలోకి దిగే పరికరాల గోళాన్ని, అంటే అవరోహణ గుళికను, ఎంత పీడనానికి ఓర్చుకునేలా తయారుచేశారన్న ఒక్క అంకెను పట్టుకుని నడిస్తే ఆ చరిత్ర మరింత తేటగా అర్థమవుతుంది. భూమిపై సముద్రమట్టం వద్ద గాలి కలిగించే ఒత్తిడితో పోలిస్తే 1967 నాటి గుళిక సామర్థ్యం సుమారు 10 రెట్లు కాగా, అది 1969లో 25 రెట్లకు, 1970లో ఏకంగా 180 రెట్లకు పెరిగి, 1972లో 105 రెట్లకు దిగివచ్చింది. ఆ గ్రహం గురించి శాస్త్రజ్ఞులు ఏ దశలో ఏమని నమ్మారో ఆ నాలుగు అంకెలే చెబుతాయి.

వేగుచుక్కగా పల్లెల్లో సైతం అందరికీ తెలిసిన శుక్రుడు దుర్భిణికి మాత్రం ఏమీ చిక్కని గ్రహం, ఎందుకంటే దాని ఉపరితలమంతటినీ దట్టమైన మేఘాలు ఎడతెగకుండా కప్పి ఉంచుతాయి. మేఘాలున్నాయి గనుక నీరుండాలి, నీరుంటే చిత్తడి అడవులుండవచ్చు అన్న ఊహకు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ వంటి పెద్దలే 1918లో బలం చేకూర్చారు. 1956లో అమెరికన్ రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు శుక్రుని నుంచి వచ్చే సూక్ష్మతరంగాలను కొలిచి అక్కడ 300 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి ఉండవచ్చని చెప్పినప్పుడు, ఆ వేడి నేలదా, లేక ఎగువ వాతావరణంలోని విద్యుదావేశిత కణాల ప్రభావమా అన్న వివాదం రేగింది. అది నేల వేడేననీ, సూర్యతాపాన్ని లోపలికి రానిచ్చి తిరిగి పోనివ్వని హరితగృహ ప్రభావమే దానికి కారణమనీ కార్ల్ సాగన్ వాదించగా, 1962 డిసెంబరు 14న శుక్రుని సమీపం నుంచి సాగిపోయిన అమెరికా నౌక మారినర్ 2 కొలతలు ఆ వాదనకే బలమిచ్చాయి. అయినా నేల మీద పీడనమెంత అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

భూమి, శుక్రుడు ప్రయాణానికి అనువైన స్థానాల్లోకి వచ్చేది సుమారు 19 నెలలకు ఒకసారి మాత్రమే. మూఢం విడిచేదాకా పెళ్లి ముహూర్తాలు పెట్టుకోని తెలుగు కుటుంబాల్లాగే మాస్కో ఇంజనీర్లు కూడా ఆ గడువు కోసం కాచుకోవలసి వచ్చేది, గడువు తప్పితే ఏడాదిన్నర పైచిలుకు ఆగవలసిందే. 1961 ఫిబ్రవరి 12న బయలుదేరిన వెనెరా 1 దారిలోనే మూగబోయింది. 1966 మార్చి 1న వెనెరా 3 శుక్రుణ్ణి ఢీకొని, మరో గ్రహాన్ని తాకిన తొలి మానవ నిర్మిత వస్తువుగా పేరు పొందినా, అప్పటికే దానితో సంబంధాలు తెగిపోవడం వల్ల ఒక్క కొలతా రాలేదు. అంతకుముందే ఈ నౌకల బాధ్యత సెర్గేయి కొరొల్యోవ్ సంస్థ నుంచి గియోర్గీ బబాకిన్ నేతృత్వంలోని లావోచ్కిన్ సంస్థకు బదిలీ అయింది. నౌకలను ప్రయోగానికి ముందే నేల మీద కఠినంగా పరీక్షించడంపై బబాకిన్ పట్టుబట్టడమే తరువాతి విజయాలకు మూలమని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ సంస్థ నుంచి వెలువడిన వెనెరా 4, 1967 అక్టోబరు 18న శుక్రుని రాత్రి భాగంలోకి దిగింది. దాని గుళికలో చక్కెరతో చేసిన ఒక తాళం ఉండేది: ఒకవేళ గుళిక నీటిలో పడితే చక్కెర కరిగి, యాంటెనా బయటికి తెరుచుకోవాలన్నది దాని ఉద్దేశం. సముద్రం ఉండే అవకాశాన్ని ఆ నాటికి కూడా ఎవరూ పూర్తిగా కొట్టివేయలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. పారాచూట్‌పై వేలాడుతూ 93 నిమిషాల పాటు సంకేతాలు పంపిన ఆ గుళిక, అక్కడి గాలిలో 90 శాతానికి పైగా బొగ్గుపులుసు వాయువేనని తేల్చి, 262 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద మౌనం వహించింది. గుళిక నేలను చేరిందనీ, ఆ చివరి అంకెలే నేల మీది పరిస్థితులనీ సోవియట్ ప్రకటన చెప్పింది. అయితే మరుసటి రోజే శుక్రుని పక్కగా సాగిన మారినర్ 5 కొలతలతోను, భూమి నుంచి రాడార్‌తో లెక్కగట్టిన గ్రహ వ్యాసార్థంతోను వాటిని సరిపోల్చినప్పుడు, గుళిక నేలకు ఇంకా 25 కిలోమీటర్ల ఎత్తున ఉండగానే ఆగిపోయిందని స్పష్టమైంది. గుళికలోని ఎత్తును కొలిచే రేడియో పరికరం ఇచ్చిన సంకేతానికి రెండు అర్థాలు చెప్పుకునే వీలుండటం ఈ పొరపాటుకు ఒక కారణమైతే, తొలి విజయాన్ని ప్రకటించాలన్న ఆత్రం మరొక కారణమై ఉండాలి.

తరువాతి జంట అయిన వెనెరా 5, వెనెరా 6ల నిర్మాణం అప్పటికే చాలావరకు ముగిసినందున వాటి కవచాన్ని 25 రెట్ల పీడనానికి మాత్రమే బలపరచి, మరింత వేగంగా లోతుకు దిగేందుకు పారాచూట్లను చిన్నవి చేశారు. 1969 మే నెలలో అవి రెండూ నేలను చేరకుండానే నలిగిపోయాయి.

వెనెరా 7 విషయంలో మొహమాటాలు లేవు. టైటానియంతో చేసిన ఆ గుళిక 180 రెట్ల పీడనాన్ని, 540 డిగ్రీల వేడిని తట్టుకోగలదు, కానీ అంత మందపు గోడల బరువుకు పరిహారంగా శాస్త్రీయ పరికరాలను దాదాపుగా వదులుకోవలసి వచ్చింది. మొదట సగం ముడుచుకుని ఉండే పారాచూట్‌ను 200 డిగ్రీల వద్ద కరిగే తాడుతో కట్టి, ఆ తాడు తెగగానే అది పూర్తిగా విచ్చుకునేలా అమర్చారు. 1970 డిసెంబరు 15న ఆ పారాచూట్ మధ్యలో చిరిగిపోగా, గుళిక గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నేలను గుద్దుకుంది, సంకేతమూ ఆగిపోయినట్టే తోచింది. భూకేంద్రాల్లో నమోదైన టేపులను తరువాత మళ్లీ శోధించినప్పుడు, రొదలో కలిసిపోయిన అతి బలహీనమైన సంకేతం మరో 23 నిమిషాలు కొనసాగినట్టు బయటపడింది. గుళిక పక్కకు ఒరిగిపోవడంతో యాంటెనా భూమి వైపు చూడకపోవడమే ఆ బలహీనతకు కారణమని భావిస్తారు. కొలతలను వంతులవారీగా పంపవలసిన మీట ఒకేచోట బిగుసుకుపోయినందున వచ్చిందల్లా ఉష్ణోగ్రత ఒక్కటే: 475 డిగ్రీలు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. దిగిన వేగాన్ని, ఉష్ణోగ్రతను కలిపి లెక్కించి పీడనం సుమారు 90 రెట్లని నిర్ధారించారు, అంటే సముద్రంలో 900 మీటర్ల లోతున ఉండేంత ఒత్తిడి. మరో గ్రహం నేల మీది నుంచి మనిషికి అందిన మొట్టమొదటి సమాచారం ఇదే.

అసలు పీడనం తెలిశాక అదనపు బరువు అనవసరమైంది. 1972లో వెనెరా 8 గోడలను 105 రెట్లకు పలచన చేసి, మిగిలిన బరువును పరికరాలకు కేటాయించగా, పగటి భాగంలో దిగిన ఆ గుళిక నేల మీద ఫొటోలు తీయడానికి చాలినంత వెలుతురు ఉందని తెలిపింది. నాలుగు రోజుల తేడాతో బయలుదేరిన దాని జంట నౌక మాత్రం రాకెట్ లోపం వల్ల భూకక్ష్యను దాటలేక కాస్మోస్ 482 అన్న పేరుతో చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. భూకక్ష్యలో చిక్కుకున్న గ్రహాంతర నౌకలకు ఆ సాధారణ పేరు తగిలించి వైఫల్యాన్ని కప్పిపుచ్చడం ఆ రోజుల్లో సోవియట్ ఆనవాయితీ. దాని గుళిక 53 ఏళ్ల తరువాత, 2025 మే 10న, మధ్య అండమాన్ దీవికి పశ్చిమంగా 560 కిలోమీటర్ల దూరంలో, అంటే బంగాళాఖాతం మీదుగా, వాతావరణంలోకి ప్రవేశించి హిందూ మహాసముద్రంలో పడిందని రష్యా అంతరిక్ష సంస్థ ప్రకటించింది.

1975 అక్టోబరు 22న దిగిన వెనెరా 9 పూర్తిగా కొత్త తరహా నౌక. శుక్రుని గాలి ఎంత చిక్కనిదంటే, సుమారు 50 కిలోమీటర్ల ఎత్తులోనే పారాచూట్లను వదిలేసినా, గుళిక మెడకు అమర్చిన లోహపు పళ్లెం ఒక్కటే దానిని మెల్లగా దించడానికి సరిపోయింది. దిగడానికి ముందే గుళికను బాగా చల్లబరచడంతో పాటు, కరుగుతూ వేడిని పీల్చుకునే లిథియం నైట్రేట్ లవణాన్ని లోపల నింపారు. కెమెరా లోపలే ఉండి, మందపాటి క్వార్ట్జ్ గాజు కిటికీ వెనుక ఊగే అద్దం సాయంతో దృశ్యాన్ని ఒక్కొక్క గీతగా చదివి, పైన కక్ష్యలో ఉన్న ప్రధాన నౌక ద్వారా భూమికి పంపింది. పదునైన అంచులున్న పలకరాళ్లు కనిపించిన ఆ నలుపు-తెలుపు చిత్రం, మరో గ్రహం నేల మీది నుంచి వచ్చిన తొలి చిత్రం.

ఇంతటి వేడిని, ఒత్తిడిని జయించిన ఇంజనీర్లను కెమెరా మూతలు మాత్రం చాలాకాలం ఏడిపించాయి. వెనెరా 9, 10లలో రెండేసి కెమెరాలుండగా ఒక్కొక్కదాని మూత ఊడలేదు, 1978లో దిగిన వెనెరా 11, 12లలోనైతే ఏ మూతా ఊడకపోవడంతో ఒక్క చిత్రమూ రాలేదు. 1982 మార్చిలో వెనెరా 13, 14ల మూతలు చక్కగా ఊడి రంగుల చిత్రాలు వచ్చాయి గానీ, వెనెరా 14 నుంచి ఊడిన మూత సరిగ్గా నేల గట్టిదనాన్ని కొలిచే కడ్డీ దిగవలసిన చోటనే పడింది. ఆ కడ్డీ శ్రద్ధగా మూత గట్టిదనాన్ని కొలిచి పంపింది. 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకున్న వెనెరా 13 మాత్రం 127 నిమిషాలు పనిచేసింది. రెండు నౌకలూ నేలను తొలిచి లోపలికి తీసుకున్న నమూనాలను ఎక్స్-కిరణాలతో పరీక్షించగా, అది లావా గడ్డకట్టి ఏర్పడే బసాల్ట్ జాతి శిల అని తేలింది, రాజమహేంద్రవరం పరిసరాల్లో కనిపించే నల్లరాయి కూడా ఆ జాతిదే.

1985 జూన్‌లో వేగా 1, వేగా 2 నౌకలు గుళికలతో పాటు బెలూన్లను కూడా వదిలాయి. నేలకు 54 కిలోమీటర్ల ఎత్తున, మేఘాల మధ్య, ఆ బెలూన్లు రెండు రోజులకు కాస్త తక్కువగా గాలివాటున తేలియాడుతూ సమాచారం పంపగా, నౌకలు మాత్రం ఆగకుండా హేలీ తోకచుక్క వైపు సాగిపోయాయి. ఆ తరువాత శుక్రుని నేల మీద ఏ దేశపు నౌకా దిగలేదు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఇస్రో శుక్రయాత్ర కూడా, 2028 మార్చిలో ప్రయోగించాలన్న లక్ష్యంతో, కక్ష్య నుంచే ఆ గ్రహాన్ని పరిశీలించేందుకు రూపొందుతోంది.