కంప్యూటరు గూటిలోని ఇనుపపెట్టె

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కంప్యూటరు కూర్పించుకొనుటకు వచ్చిన గృహస్థుడు ప్రాసెసరు వేగమెంత, ర్యామెంత, డిస్కులో నెంత పట్టునని పదేపదే అడుగునే కాని, క్యాబినెట్టు వెనుకమూలను ఫ్యానుతో గూడియుండు ఇనుపపెట్టెను గూర్చి యొక్కమాటయు నడుగడు. మెకానిక్కులు 'ఎస్.ఎం.పి.ఎస్.' అని పొడి యక్షరములతో పిలుచు ఆ పెట్టె క్యాబినెట్టుతో కొసరుగా వచ్చునదని అతని భావన. గోడనుండి వచ్చు మొరటు విద్యుత్తును చదునుచేయు భారము ఎవరిదను పాత తగవు ఆ కొసరులోనే యిమిడియున్నదని నాకు తోచును.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు నిలుకడగా పారు కాలువ కాదు. సెకనునకు 50 మారులు ఇటునటు ఊగు కెరటము. పేరునకు 230 వోల్టులే యైనను దాని శిఖరము 325 వోల్టులను తాకును. రెక్టిఫయరు ఆ యూపును ఒకే దిక్కునకు మరలించినను సెకనునకు 100 మూపురములు మిగిలియే యుండును. వాటి నడిమి పల్లములను పూడ్చునది కెపాసిటరు. వానలో నిండి, వాన వెలిసిన పిమ్మట తూముగుండ పొలమునకు నీరు వదలు చెరువువలె, అది శిఖరమున నిండి పల్లమున వదలును. చెరువు చాలనిచో, సరిగా 5 వోల్టులు కోరు చిప్పు తొట్రుపడి తాను జ్ఞాపకముంచుకొన్నది మరచును.

1975 జనవరిలో అమెరికాయందు పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రముగా వెలసిన ఆల్టెయిర్ 8800 కంప్యూటరు ఈ భారమును పెట్టెపై మోపలేదు. పెట్టె సుమారు 8 వోల్టుల విద్యుత్తును పూర్తిగా దిద్దకయే, కార్డులన్నిటిని కలుపు 100 పిన్నుల బస్సులోనికి వదలెడిది. ప్రతికార్డును తనపైనున్న రెగ్యులేటరుతో దానిని 5 వోల్టులకు తానే దిద్దుకొనవలెను. మిగిలిన 3 వోల్టులు వేడియై పోయెడివి. ఇది దుబారాయే, అయినను ఎవరి కార్డునకు వారే పూచీపడుటచే, పరాయి వర్తకులు చేసిన కార్డులును ఆ బస్సులో ఇమిడి పనిచేసినవి.

1977లో వచ్చిన ఆపిల్ 2 ఇందుకు భిన్నమైన దారి పట్టెను. ఫ్యాను చప్పుడు స్టీవ్ జాబ్స్‌కు గిట్టదు. ఫ్యాను లేనిచో బరువైన ట్రాన్స్‌ఫార్మరు, వేడెక్కు రెగ్యులేటరు పనికిరావు. అందుచే ఆపిల్ ఇంజనీరు రాడ్ హోల్ట్ స్విచింగు పద్ధతి నవలంబించెను. గోడ విద్యుత్తును ముందే ఏకముఖముగావించి, సెకనునకు వేలమారులు తుంచి పంపినచో, అంత వేగమైన అలలకు చిన్న ట్రాన్స్‌ఫార్మరు చాలును. ఈ పద్ధతిని హోల్టే కనిపెట్టెనను ప్రచార మతిశయోక్తి. అట్టి సప్లైలు అంతకుముందే ఉన్నవి. దానిని ఇంటి బల్లమీదికి చేర్చుటయే ఆయన ఘనత, అదియు తక్కువది కాదు.

1981లో ఐ.బి.ఎం. పీసీ 63.5 వాట్ల పెట్టెతో వచ్చెను. ఆ పీసీ సర్క్యూట్లను ఆ సంస్థయే గ్రంథముగా ప్రకటించుటచే, అదే కొలతకు, అవే మరమేకులకు సరిపోవు పెట్టెలను ఇతరులును చేయసాగిరి. పొందిక యనునది ఇట్లు కొంత ఔదార్యమువలనను, కొంత అనుకరణవలనను ఏర్పడినది. కాని అందొక ప్రమాదము దాగియుండెను. పెట్టెనుండి మదర్‌బోర్డునకు పోవు ప్లగ్గులు రెండు, పీ8, పీ9, ఆరేసి పిన్నులవి, చూచుటకు కవలలు. ఒకదాని చోట వేరొకటి గ్రుచ్చినచో బోర్డు కాలును. అందుకే నల్లతీగలు నడుమ పక్కపక్కన నుండవలెనని పని నేర్చుకొనువానికి తొలిపాఠముగా చెప్పెడివారు. నాడి చూచు వైద్యుని శ్రద్ధతో ఆ నల్లతీగలను వ్రేలితో తడిమి చూచుకొని, ఆ తరువాతనే స్విచ్చి వేసెడివారు.

పెట్టె వెనుక ఎఱ్ఱని చిన్న స్విచ్చి కథ వేరు. దానిపై 115, 230 అని రెండంకెలు. అమెరికానుండి బంధువు తెచ్చిన యంత్రము 115 వద్దనే యుండగా మన గోడకు తగిలించినచో, ఆ స్థితిలో లోపలి కూర్పు వోల్టేజిని రెట్టింపు చేయునది గనుక, ఒక్కొక్కటి 200 వోల్టులకే తగిన రెండు కెపాసిటర్లపై 650 వోల్టులు పడును. పిమ్మట వినబడు చప్పుడును, క్రమ్ముకొను వాసనను ఒకసారి యెఱిగినవాడు మరువడు.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. పద్ధతి జంటప్లగ్గులను 20 పిన్నుల ఒక్క ప్లగ్గుగా, తప్పుగా గ్రుచ్చుటకు వీలుకాని ఆకారముతో తీర్చెను. అందలి ఆకుపచ్చతీగను నల్లతీగతో కలిపినచో పెట్టె మేల్కొనును. నేటికిని మెకానిక్కు కాగితపు క్లిప్పును వంచి ఆ రెంటిని కలిపి, ఫ్యాను తిరిగినదా లేదా యని చూచి, పెట్టె బ్రదికినదో లేదో తేల్చును.

అయితే ప్రాసెసర్లు ఒకటిన్నర వోల్టునకును, అంతకు దిగువకును దిగి, పదుల ఆంపియర్లు త్రాగసాగిన కొలది దూరపు పెట్టె నమ్మదగినది కాకపోయెను. అంత స్వల్పమైన వోల్టేజి తీగలోనే చిక్కి తగ్గును గనుక చదునుచేయు పని ప్రాసెసరు పక్కకే వలసపోయెను. 2000 నాటి పెంటియం 4తో 12 వోల్టులకై ప్రత్యేకముగా నాలుగు పిన్నుల ప్లగ్గు వచ్చెను. ఆ దశకములోనే లోపలి ద్రవము చెడిన కెపాసిటర్లు ప్రాసెసరు చుట్టు బూరెలవలె తలలుబ్బి, ఎన్నియో బోర్డులను మూలపడవేసెను.

2019లో ఇంటెల్ సిద్ధముచేసిన కొత్త పద్ధతిలో ఇనుపపెట్టె 12 వోల్టులను మాత్రమే యిచ్చును. తక్కినవన్నియు బోర్డు తానే చేసికొనవలెను. ప్రధాన ప్లగ్గునకు పిన్నులు పదియే. ఆల్టెయిర్ కార్డు తనపై మోసిన రెగ్యులేటరు మరల బోర్డుమీదికే చేరినది. ఈసారి మాత్రము స్విచింగు పద్ధతి గనుక విద్యుత్తు అంత వేడియై పోదు.