ట్రాన్స్‌ఫర్ కేస్ లీకేజీ

ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులో గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే యంత్రభాగం ట్రాన్స్‌ఫర్ కేస్. దాని సీళ్లలో గానీ, అతుకుల్లో గానీ, కేసింగ్‌లో గానీ లోపం ఏర్పడి లోపలి ఆయిల్ బయటికి పోవడమే ట్రాన్స్‌ఫర్ కేస్ లీకేజీ. చాలా పికప్‌లలో ఇందులో పట్టే ఆయిల్ సుమారు 2 లీటర్లే. ఇంజన్‌కు ఉన్నట్టు దీనికి డిప్‌స్టిక్ గానీ, ఆయిల్ తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం గానీ సాధారణంగా ఉండవు. అందుకే లీకేజీ చిన్నదైనా, యజమాని కంటపడే లోపే చైను, బేరింగులు పాడైపోవచ్చు.

నిర్మాణం

ఆధునిక పికప్‌ల ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు డొప్పలను బోల్టులతో బిగించిన పెట్టె. డొప్పలను అల్యూమినియంతో గానీ మెగ్నీషియంతో గానీ పోత పోస్తారు. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే మెగ్నీషియం దాదాపు 1.74 గ్రాములే తూగుతుంది. బరువు కలిసివచ్చినా మెగ్నీషియం మెత్తన. తేమ తగిలే చోట ఉక్కు బోల్టులను ఆనుకొని ఉంటే త్వరగా తుప్పు తింటుంది. డొప్పల అతుకుకు చాలా మోడళ్లలో గ్యాస్కెట్ ఉండదు. ప్యాకింగ్ పేస్టే ఆయిల్‌ను ఆపుతుంది.

లోపల మెయిన్ షాఫ్ట్ మీది గొలుసు ముందు ఇరుసుకు వెళ్లే షాఫ్ట్‌ను తిప్పుతుంది. అడుగున నిలిచిన ఆయిల్‌ను పై బేరింగులకు చేర్చే పని చాలా రకాల్లో ఒక చిన్న పంపుది. వేడికి లోపల పెరిగే ఒత్తిడి బయటికి పోవడానికి పైన బ్రీదర్ గొట్టం ఉంటుంది.

కారణాలు

షాఫ్టులు కేసింగ్ దాటి బయటికి వచ్చే చోట్ల ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడి, అంచు అరిగి లీకవడం అన్నిటికంటే సాధారణం. వెనుక చివర బుష్ అరిగితే షాఫ్ట్ ఊగి కొత్త సీల్‌ను కూడా చింపేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కలిపే యోక్ మీద, సీల్ ఆనే చోట గాడి పడినా అంతే. అప్పుడు యోక్‌ను మార్చాలి, లేదా గాడిని కప్పే పల్చటి ఉక్కు తొడుగు వేయాలి.

బ్రీదర్ మట్టితో పూడుకుపోతే ఒత్తిడి బాగున్న సీళ్ల మీదుగానే ఆయిల్‌ను బయటికి నెడుతుంది. గేర్‌బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ నడుమ సీల్ పోయినప్పుడు నేల మీద ఒక్క చుక్కా కనబడకపోవచ్చు. ఒకదాని ఆయిల్ మరొకదానిలోకి చేరుతుంది. ఒకచోట మట్టం తగ్గి మరోచోట పెరగడమే దాని గుర్తు.

పంపు రాపిడి

ఈ లోపాల్లో బాగా పేరుపడినది జనరల్ మోటార్స్ ట్రక్కులది. 1990ల చివరి నుంచి 2007 దాకా వచ్చిన షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా వంటి వాహనాల్లో న్యూ వెంచర్ గేర్ సంస్థ తయారుచేసిన 149, 246, 261, 263 రకాల ట్రాన్స్‌ఫర్ కేస్‌లు వాడారు. క్రైస్లర్, జనరల్ మోటార్స్ 1990లో ఉమ్మడిగా నెలకొల్పిన ఈ సంస్థ 2004లో మాగ్నా చేతికి వెళ్లింది.

వీటిలో ఆయిల్ పంపు మెయిన్ షాఫ్ట్ చుట్టూ కూర్చుంటుంది. షాఫ్ట్‌తో పాటు పంపు లోపలి భాగం తిరుగుతుంటే, బయటి భాగం తిరగకుండా దాని చెవులు వెనుక డొప్పకు ఆనుకొని ఉంటాయి. చెవికీ మెగ్నీషియం డొప్పకూ మధ్య పల్చటి ఉక్కు క్లిప్పు ఒక్కటే అడ్డు. బండి కదిలినంతసేపూ ఉండే కంపనానికి ఆ క్లిప్పు అరిగిపోతే, చెవి నేరుగా డొప్పను ఒరుసుకుంటూ చివరికి సూదిబెజ్జమంత చిల్లు పెడుతుంది.

ఈ చిల్లు ఆయిల్ మట్టానికి పైన పడుతుంది. కాబట్టి నిలబడి ఉన్న బండి కింద నేల పొడిగానే ఉంటుంది. రోడ్డెక్కాక గొలుసు, పంపు ఆయిల్‌ను పైకి చిమ్మినప్పుడే అది బయటపడి గాలికి బండి వెనుక భాగమంతా పరుచుకుంటుంది. ఆయిల్ తరిగాక పంపు గాలినే పీలుస్తుంది, పై బేరింగులు ఎండిపోయి కాలిపోతాయి.

లీకేజీని గుర్తించడం

గాలి ఆయిల్‌ను వెనక్కి, కిందికి తోస్తుంది కాబట్టి తడి కనిపించిన చోటే లోపం ఉందనుకోకూడదు. కేసింగ్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొంతదూరం నడిపి చూస్తే అన్నిటికంటే పైన, ముందువైపున చెమర్చిన చోటు దొరుకుతుంది. అంతుచిక్కకపోతే ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో వెతుకుతారు. రంగు కూడా ఆధారమే: 246 రకంలో పోసే ఆటోట్రాక్ 2 ఆయిల్ నీలం, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సాధారణంగా ఎరుపు.

మరమ్మతు

బయటి సీళ్లను ట్రాన్స్‌ఫర్ కేస్ దింపకుండానే మార్చవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు అది యోక్‌తో కలిసే చోట గుర్తు పెట్టుకోవాలి. తిరిగి అలాగే అమర్చకపోతే వణుకు మొదలుకావచ్చు.

కేసింగ్‌కు చిల్లు పడితే యూనిట్‌ను దింపి రెండు డొప్పలనూ విడదీయక తప్పదు. ఎపాక్సీ పూతతో చిల్లు మూయడం తాత్కాలికమే. లోపల చెవి ఒరుసుకుంటూనే ఉంటుంది. మెగ్నీషియంను ఆర్గాన్ వాయువు రక్షణలో వెల్డింగ్ చేయవచ్చు గానీ అది నేర్పరుల పని. దాని రజను సులభంగా అంటుకుంటుంది; ఆ మంటపై నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట మరింత చెలరేగుతుంది. వెనుక డొప్పను మార్చి, చెవి ఒత్తిడిని ఎక్కువ మేర పంచే ఏర్పాటున్న మెరుగైన పంపు బిగించడమే శాశ్వత పరిష్కారం.

తిరిగి మూసేటప్పుడు ప్యాకింగ్ పేస్టు పల్చగా వేయాలి. ఎక్కువైతే లోపలికి ఊడిపడి పంపు జల్లెడను మూసేస్తుంది. తర్వాత సమతల నేల మీద, తయారీదారు చెప్పిన ఆయిల్‌నే నింపుడు రంధ్రం అంచుదాకా పోయాలి. నేల పొడిగా ఉన్నంత మాత్రాన పని కుదిరినట్టు కాదు; కొన్నాళ్లు నడిపాక ఆ రంధ్రం బిరడా విప్పి చూసినప్పుడు మట్టం తగ్గకుండా ఉంటేనే మరమ్మతు పూర్తయినట్టు.