శ్రీలంక గుంజల వేట: జీవనోపాధి నుండి పర్యాటక దృశ్యానికి

శ్రీలంక దక్షిణ తీరంలో ఉనవతున, వెలిగమల మధ్య సముద్రంలో నాటిన గుంజలపై కూర్చొని గాలం వేసే జాలరుల దృశ్యం ఆ దేశ పర్యాటక ప్రచారానికి ప్రతీకగా మారింది. దీనిని అతి ప్రాచీన పద్ధతిగా భావించడం పరిపాటి. కాని దీని చరిత్రకు ఇంకా నూరేళ్లు నిండలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆహారపు కొరత ఏర్పడి, ఒడ్డున గాలం వేసేవారి రద్దీ పెరిగింది. అప్పుడు కొందరు ఓడల, విమానాల శిథిలాలపైకి ఎక్కి వేట సాగించారనీ, ఆపై పగడపు దిబ్బల్లో గుంజలు పాతుకున్నారనీ చెబుతారు. గుంజకు కట్టిన 'పెట్ట' అనే అడ్డకర్రే ఆసనం. జాలరి ఒక చేత్తో గుంజను పట్టుకొని, మరొక చేత్తో గాలం వేస్తాడు. నీటిని కదిలించకుండా, ఉదయ సాయంకాలాల్లో ఒడ్డుకు చేరువగా వచ్చే చిన్న చేపలను పడతాడు. పడవ, వల అక్కరలేని ఈ వేటకు పెట్టుబడి స్వల్పం, రాబడీ స్వల్పమే.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరాన్ని ధ్వంసం చేసింది. అనంతర కాలంలో వేటకంటె ఛాయాచిత్రాల రుసుమే ఎక్కువ ఆదాయమైంది. నేడు గుంజలపై కనిపించేవారిలో అనేకులు పర్యాటకుల కోసమే కూర్చుంటున్నారు. కొందరు గుంజలను అద్దెకు ఇస్తున్నారు.

ఈ మార్పును కేవలం నటనగా కొట్టివేయడం సమంజసం కాదు. కొరతలో పుట్టిన ఉపాధి మరొక కొరతలో రూపం మార్చుకుంది. అయితే దానిపై 'ప్రాచీన సంప్రదాయం' అనే ముద్ర వేసినప్పుడు యుద్ధం, ఆకలి, విపత్తు ఆ చరిత్రలో కనిపించకుండా పోతాయి.